కుదురుకు అర్థం కావలెను

మార్చి ఇరవై మూడు, ఉదయం పదిన్నర.

రేగులవలస ప్రజా సౌకర్యాల శాఖలో సీనియర్ అసిస్టెంటు పైడిరాజు బల్ల మీదకి ఒక ఫైలు తిరిగొచ్చి పడింది. ఫైళ్ళు తిరిగి రావడం అతనికి కొత్త కాదు. ఎర్ర సిరాతో రావడమూ కొత్త కాదు. ఈసారి ఎర్ర సిరా అడిగిన ప్రశ్న మాత్రం అతని ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎవరూ అడగనిది.

"కుదురు అనగానేమి? అర్థమూ, మూలమూ తెలిపి మరల సమర్పించవలెను."

పైడిరాజు కాగితం తిప్పి చూశాడు. ఏటా మార్చిలో రాసే ఇండెంటే. బస్ కాంప్లెక్సులో వేసవి చలివేంద్రానికి కుండలు పన్నెండు, కుదుళ్ళు పన్నెండు, గ్లాసులు ఇరవై నాలుగు, ముంతలు రెండు. కుండలకి టిక్కు పడింది. గ్లాసులకి పడింది. ముంతలకి కూడా పడింది. కుదుళ్ళ దగ్గర ఎర్ర సిరా ఆగి, ఆ మాట చుట్టూ లావుగా ఒక సున్నా చుట్టింది. ఆ సున్నా అచ్చం కుదురులాగే ఉంది. అయినా అర్థం కాలేదట.

దీనంతటికీ కారణం రెండు నెలల కిందట వచ్చిన ఉత్తర్వు. రాజధానిలో ఏదో ఆఫీసువాళ్ళు సర్వర్ ఒకటి కావాలని రాస్తే, కొనుగోళ్ళ విభాగం కాఫీ హోటల్లో పదేళ్ళ అనుభవం ఉన్న మనిషిని పంపింది. అతను మూడు నెలలు అందరికీ టిఫిన్లు అందించి మంచి పేరు కూడా తెచ్చుకున్నాడు. విషయం బయటపడ్డాక ప్రభుత్వానికి కోపం వచ్చింది. అర్థం తెలియని మాటతో ఇకమీదట గుండుసూది కూడా కొనకూడదని తీర్మానించింది.

అలా పుట్టింది వస్తు నామ నిర్ధారణ విభాగం. జిల్లాకొక డైరెక్టరు. ఆయన దగ్గర ఆమోదిత నామావళి అనే లావుపాటి పుస్తకం. ఆ పుస్తకంలో లేని వస్తువుని ప్రభుత్వం కొనకూడదు, ఉచితంగా పుచ్చుకోకూడదు, ఉద్యోగులు ఇంటి నుంచి తెచ్చి పెట్టకూడదు. ప్రభుత్వ ఆవరణలోకి ఆ వస్తువు అడుగు పెట్టాలంటే దాని పేరుకి అర్థం తేలాలి, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలాలి.

నామావళి నూట నలభయ్యో పేజీలో కుండ ఉంది. కుదురు లేదు. పుస్తకం తయారు చేసినవాళ్ళు కుండని ఫొటోలో చూశారు. ఫొటోలో కుండ దానంతటదే నిలబడి ఉంది.

నిజం కుండ అలా నిలబడదు. దాని అడుగు గుండ్రం. కింద వరిగడ్డితో చుట్టిన కట్టు పెడితే కూర్చుంటుంది, లేకపోతే దొర్లుతుంది. ఈ సంగతి తెలియడానికి చదువు అక్కర్లేదు. చదువు అక్కర్లేని సంగతులన్నీ నామావళిలోంచి జారిపోయాయి.

మధ్యాహ్నానికి నూకాలు ఆఫీసుకి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. పదకొండు వేసవుల నుంచి కాంప్లెక్సు చలివేంద్రంలో నీళ్ళు పోసేది ఆవిడే. కుదుళ్ళు చుట్టేదీ ఆవిడే. మూడు నెలల ఉద్యోగం, తొమ్మిది నెలల ఎదురుచూపు.

"బాబూ, ఉత్తరవు ఒచ్చీసినాదా? పందిరి ఏసీమంటారా?"

"కుండలు మంజూరయ్యాయి నూకాలప్పా. కుదుళ్ళకే అడ్డం పడింది. కుదురంటే ఏమిటని అడుగుతున్నారు."

నూకాలు నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"ఆలకి తెలీదేటి?"

"తెలుసేమో. కాగితానికి తెలీదు."

"మరి పదో తారీకు?"

ఇద్దరి భయమూ ఆ తారీకే. కాంప్లెక్సులో ఆ చోటు చలివేంద్రానిదే గానీ, ఏప్రిల్ పది ఉదయం పదకొండు గంటల్లోగా అక్కడ నీళ్ళు పోయడం మొదలు కాకపోతే చోటు ఖాళీ కింద లెక్క. ఖాళీ చోటుని వేలం పాటలో దక్కించుకోవడానికి కూల్‌డ్రింకుల రమణబాబు ఎప్పుడో కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి పోయిన చోటు మళ్ళీ రాదు. చోటు పోతే నూకాలు పనీ పోతుంది, బస్సు కోసం ఎండలో నిలబడేవాళ్ళకి ఊరికే దొరికే నీళ్ళూ పోతాయి.

పద్దెనిమిది రోజులు ఉన్నాయి.

మార్చి ఇరవై ఆరు. నూకాలు ఆలోచించింది. వాళ్ళు కొనకపోతే మానె, తను చుట్టినవి తనే తెచ్చి పెట్టేస్తే సరి. పన్నెండు కుదుళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి, నెత్తిన పెట్టుకుని కొత్తగా వేసిన పందిరి దగ్గరకి వచ్చింది. కొత్త ఉత్తర్వు ప్రకారం పందిరి కూడా ప్రభుత్వ ఆవరణే. కాపలావాడు ఆపాడు.

"ఇయ్యేటి?"

"కుదుళ్ళు."

అతను చేతిలోని కాగితంలో వెతికాడు. "ఆ పేరు లేదు. పేరు లేని వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దని రూలు."

"నాను ముట్టుకునే ఉన్నాను గదరా!"

"అయితే మెల్లగా కింద ఎట్టీసి దూరంగా జరుగప్పా."

అరగంటలో కాంప్లెక్సు సగం ఖాళీ చేయించారు. పలాస బస్సుని గేటు బయటే ఆపేశారు. పసుపు రిబ్బను కట్టారు. మైకులో 'గుర్తు తెలియని పన్నెండు వలయాలు' అని ప్రకటించారు. పదకొండూ ఇరవైకి పోలీసు కుక్క దిగింది. అది కుదుళ్ళ చుట్టూ మూడుసార్లు తిరిగింది. జనం ఊపిరి బిగబట్టారు. కుక్క అన్నిటికంటే పెద్ద కుదురు ఎంచుకుని, అందులో ముడుచుకుని నిద్రపోయింది.

దాన్ని లేపి తీసుకెళ్ళడానికి ఇంకో అరగంట పట్టింది. కుదుళ్ళని గోనెసంచిలో వేసి, సీలు కొట్టి, నామ నిర్ధారణ విభాగానికి అప్పగించారు.

మార్చి ఇరవై ఎనిమిది. పైడిరాజు డైరెక్టరు చెరుకుమిల్లి శేషావతారం గారి ముందు నిలబడ్డాడు. ఆయన బల్ల మీద నామావళి, పక్కన పైడిరాజు పూర్తి చేసి పంపిన ఏడో నంబరు ఫారం ఉన్నాయి.

"ఆకారము అను గడిలో గుండ్రము అని వ్రాసినారు. గుండ్రమనగా బంతి వలెనా, పళ్ళెము వలెనా?"

"గాజులాగా సార్."

"మధ్యలో ఏమున్నది?"

"మధ్యలో ఏమీ లేదు సార్. ఖాళీ."

శేషావతారం గారు కళ్ళజోడు తీశారు. "అనగా ప్రభుత్వమువారు కొనబోవు వస్తువునకు మధ్యభాగము లేదు. ఆ భాగము సరఫరాదారు వద్ద ఉండిపోయినదా?"

"లేదు సార్. అది మొదట్నుంచీ లేదు."

"మొదటి నుంచి లేదని ధ్రువీకరించినది ఎవరు?"

పైడిరాజు దారి మార్చాడు. "పోనీ సార్, ఇసుక పోసి దానిమీద కుండలు పెట్టేస్తాం."

"ఇసుకకు గనుల శాఖవారి అనుమతి కావలెను."

"ఇటుకలు?"

"ఇటుక ప్రక్కన ఇటుక పెట్టినచో కట్టడము. పట్టణ ప్రణాళికవారు చూచుకొందురు."

"పాత గుడ్డ ఏదైనా చుట్టి..."

"పాత గుడ్డను వేలము వేయవలెను గాని వాడరాదు." ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "చూడవయ్యా, నేనేమైనా నీళ్ళకు శత్రువునా? ఒక మాటకు మూలము తెలియకుండా దానిమీద కుండ నిలబెట్టుట ఎట్లు? నేడు కుదురు అందురు. రేపు మరొకటి అందురు. రాజ్యమెక్కడ ఆగును?"

రాజ్యం ఎక్కడా ఆగలేదు. ఆ సాయంత్రమే వలయాకార వస్తు నామ ఉపసంఘం ఏర్పడింది.

ఉపసంఘంలో ఇద్దరు ఆచార్యులు. ముందు వస్తువు పుట్టి తర్వాత దానికి పేరు వచ్చిందని ఒకరు. ముందు మాట పుట్టి, అది చాలాకాలం వస్తువు కోసం ఎదురుచూసిందని రెండోవారు. ఇద్దరూ పాతికేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు కాబట్టి వాళ్ళ మధ్య కాగితాలు మోయడానికి ఒక అటెండరుని వేశారు. పోలిక కోసం వలయాకారంలో ఉన్నవన్నీ తెప్పించారు. గాజు, కడియం, మెట్టె, సైకిలు టైరు, గారె, చేగోడీ. గాజుకీ కడియానికీ మూలం తొందరగా తేలలేదు. గారెల సంగతి వేరు. మొదటిరోజు పెట్టిన గారెలు రెండోరోజుకి సాక్ష్యంగా మిగల్లేదు. అందుచేత రోజూ పదింటికీ, మళ్ళీ నాలుగింటికీ వాటిని కొత్తగా పరిశీలించాల్సి వచ్చింది.

ఏప్రిల్ నాలుగున నూకాలుని సాక్ష్యానికి పిలిచారు.

"కుదురు అంటే ఏమిటమ్మా?" అన్నారు మొదటి ఆచార్యులు.

"కుండెట్టుకునేది బాబూ."

"అది ఉపయోగం. అర్థం చెప్పు."

"కుండెట్టుకుంటే అదే తెలుస్తాది."

రెండో ఆచార్యులు ముందుకు వంగారు. "ఆ మాట నీకు ఎవరు చెప్పారు?"

"మా అమ్మ."

"ఆమెకి?"

"ఆలమ్మ."

"ఆవిణ్ణి హాజరు పరచగలవా?"

"ఓలమ్మ! ఆవిడ సచ్చిపోయి ముప్పై ఏళ్ళయినాది."

"మరణ ధ్రువపత్రం జతచెయ్యి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. పాతికేళ్ళలో వాళ్ళు ఏకీభవించిన మొదటి విషయం అది.

"బాబూ, నాకు సదువు లేదు," అంది నూకాలు. "పదో తారీకు దగ్గరకొచ్చీసింది. ఆ సంచిలో ఉన్నవి ఇప్పించీండి సాలు. అర్దం మీరు తీరిగ్గా ఎతుక్కోండి."

ఇది సంఘాన్ని ఒత్తిడి చేయడమని మినిట్సులో రాసుకున్నారు. ఆ తర్వాత అసలు కుండకి కుదురు అవసరమేనా అన్న అనుమానం వచ్చింది. అవసరమని రుజువేదీ? రెండు కుండలు తెప్పించి సిమెంటు గచ్చు మీద పెట్టి చేతులు తీశారు. రెండూ దొర్లి, గుమ్మానికి కొట్టుకుని ముక్కలయ్యాయి. నివేదికలో ఇలా ఉంది: "కుండలు నిలువలేదు. ఇది కుండల దోషమా, గచ్చు దోషమా, సంఘ సభ్యులు చేతులు తీసిన విధానము యొక్క దోషమా అనునది తేల్చుటకు ఆరు మాసముల గడువు కోరడమైనది."

పన్నెండులో పది మిగిలాయి.

నూకాలు కాంప్లెక్సుకి వెళ్ళి ఖాళీ పందిట్లో కూర్చుంది. గోడవారన పది కుండలు పక్కకి ఒరిగి పడున్నాయి. రమణబాబు అప్పుడే తన పెద్ద ఫ్రిజ్జు దింపించి, అట్టపెట్టె విప్పిస్తున్నాడు.

"అప్పా, ఇంకా కుండలు తొంగునే ఉన్నాయేటి? నా ఫ్రిజ్జు సూడు. నిలబడే పుట్టినాది."

"పుడితే పుట్టినాది గానీ, నీళ్ళు ఊరికే ఇస్తాదేటి?"

"ఊరికే ఇస్తే దాన్ని ఫ్రిజ్జంటారా?"

బస్సు దిగిన ఒక గర్భిణి పందిట్లోకి తొంగిచూసి, "నీళ్ళు లేవా పిన్నీ?" అంది. నూకాలు తన సీసా తీసి ఇచ్చింది. ఆ పిల్ల సగం తాగి, సిగ్గుపడి, మిగతా సగమూ తాగేసింది.

ఏప్రిల్ తొమ్మిది. పైడిరాజు చివరి ప్రయత్నంగా ఫైలు పట్టుకుని శేషావతారం గారి దగ్గరకి పరిగెత్తాడు. ఆయన కూడా ఇరుకున పడ్డారు. పదో తారీకున చలివేంద్రం ప్రారంభోత్సవానికి ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. ముఖ్య అతిథి రాజధాని నుంచి బయల్దేరారు. కుదురుకి అర్థం లేదని సభ ఆపితే, ఈ పదిహేను రోజులూ ఏం చేశారని అడుగుతారు. ఆయన బాగా ఆలోచించి ఉత్తర్వు చెప్పి రాయించారు.

"కుదురు అను పదము నిర్ధారణ కానందున, సభా సమయమున కుండకొక ఉద్యోగి చొప్పున పదిమంది ఉద్యోగులు కుండలను చేతబట్టి నిలబడవలెను. ఉద్యోగి అను పదము నామావళియందు కలదు."

ఏప్రిల్ పది, ఉదయం తొమ్మిదిన్నర. తాటాకు పందిట్లో పదిమంది ఉద్యోగులు నీళ్ళు నిండిన కుండలు పొట్టలకి ఆనించుకుని వరసగా నిలబడ్డారు. పైడిరాజుది మూడో కుండ. వేదిక మీద పదిమంది పెద్దలు. పక్క బల్ల మీద వాళ్ళని సత్కరించడానికి ఒక పళ్ళెం నిండా శాలువాలు. పందిరి బయట రమణబాబు, ఫ్రిజ్జు మీద చెయ్యేసుకుని. అతని పక్కన గడియారం చూసుకుంటూ, చోటు ఖాళీయో కాదో తేల్చాల్సిన డిపో మేనేజరు.

శేషావతారం గారు జలము యొక్క ప్రాశస్త్యం గురించి మొదలుపెట్టారు. పదింపావుకి ఆయన ఇంకా సముద్రం దగ్గరే ఉన్నారు. పదిన్నరకి నదుల దగ్గరకి వచ్చారు. పది నలభైకి టైపిస్టు చేతుల్లోంచి ఒక కుండ జారి పగిలింది. నీళ్ళు వేదిక కింది దాకా పారాయి. పెద్దలు కాళ్ళు పైకెత్తుకున్నారు. ఉపన్యాసం ఆగలేదు.

పైడిరాజు మేనేజరు వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. "సార్, చేతుల్లోంచే నీళ్ళు పోసేస్తాం. మొదలైనట్టే కదా?"

"కుండలు పందిట్లో నేల మీద ఉంటే చలివేంద్రం. చేతుల్లో ఉంటే ఊరేగింపు," అన్నాడు మేనేజరు. "పద్దెనిమిది నిమిషాలున్నాయి."

రమణబాబు ఫ్రిజ్జు వైరు చేతికి చుట్టుకుంటూ ప్లగ్గు ఎక్కడుందో చూస్తున్నాడు.

అంతవరకూ ఓ మూల నిలబడ్డ నూకాలు కదిలింది. తిన్నగా వేదిక దగ్గరకి నడిచింది. పళ్ళెంలోంచి ఒక శాలువా తీసి దులిపి, పొడుగ్గా మడిచి, పురి పెట్టి గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపేసింది. నేల మీద పెట్టింది. "బాబూ, కుండ ఇలా ఎట్టీండి," అంది పైడిరాజుతో.

పైడిరాజు పెట్టాడు. చేతులు తీశాడు. కుండ కదల్లేదు.

రెండోది. మూడోది. మొదటివరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి వచ్చి ఆవిడకి శాలువాలు అందించసాగారు. ఐదో శాలువా దగ్గర శేషావతారం గారు నదుల్లోంచి బయటపడ్డారు.

"ఏమిటీ దౌర్జన్యము! పేరులేని వస్తువులు ప్రభుత్వ ఆవరణలో!"

"పేరుంది సార్," అన్నాడు పైడిరాజు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "శాలువా. నామావళి రెండొందల పన్నెండో పేజీ. ప్రభుత్వ సభలలో వాడదగినది."

"వాడుట అనగా కప్పుట!"

"కింద పెట్టకూడదని రాసి లేదు సార్."

అటెండరు పుస్తకం తెచ్చాడు. శేషావతారం గారు పేజీ తీశారు. ఒకసారి చదివారు. వేలు పెట్టి మళ్ళీ చదివారు. జనం ఆయన వేలునే చూస్తున్నారు. మేనేజరు గడియారం చూస్తున్నాడు. నూకాలు ఎటూ చూడకుండా తొమ్మిదో శాలువా చుడుతోంది.

"వ్రాసి లేదు," అన్నారు డైరెక్టరు గారు చివరికి. నిజాయితీపరుడు. పుస్తకంలో లేనిది ఆయన ఎన్నడూ అనలేదు.

నూకాలు ముంత ముంచింది. మొదటి గ్లాసు కోసం ముఖ్య అతిథి చెయ్యి చాపారు. ఆ చెయ్యి పక్కనుంచి ఆవిడ గ్లాసుని బొబ్బిలి బస్సు కోసం నిలబడ్డ ఓ ముసలాయనకి అందించింది. ఆయన గటగటా తాగి, "ఇంకోటి" అన్నాడు.

"పది యాభై తొమ్మిది," అన్నాడు డిపో మేనేజరు. రమణబాబు ఫ్రిజ్జుని మళ్ళీ అట్టపెట్టెలోకి ఎక్కించడానికి నలుగురు మనుషుల్ని పిలవాల్సి వచ్చింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ జూన్‌లో సరుకుల తనిఖీ వచ్చింది. శాలువాలెక్కడ అని తనిఖీ అధికారి అడిగితే కుండల కింద అన్నారు. వెళ్ళి చూశాడు. నిజమే. తొమ్మిది శాలువాలు, తొమ్మిది కుండల కింద, గుండ్రంగా, బరువు మోస్తూ ఉన్నాయి. ఆయన చూసింది చూసినట్టు రాశాడు. ఉపసంఘం దాన్ని పరిశీలించి హర్షించింది. సీలు కొట్టిన గోనెసంచిని ఎవరూ విప్పలేదు. కుదురు అనే మాటకి సంబంధించిన వస్తువు ప్రభుత్వ ఆవరణల్లో ఎక్కడా కనిపించనందున ఆ ఫైలు మూసేసింది. నామావళి కొత్త ముద్రణలో రెండొందల పన్నెండో పేజీ ఇలా మారింది:

"శాలువా: కుండ అడుగున ఉంచు వలయాకారపు వస్తువు. మూలము: ప్రభుత్వ వాడుక."

మరుసటి మార్చిలో పైడిరాజు ఇండెంటు రాశాడు. కుండలు పన్నెండు, శాలువాలు పన్నెండు, వరిగడ్డివి. ఆ రోజే మంజూరై వచ్చింది. నూకాలు గడ్డి తడిపి, చుట్టి, తెచ్చి పెట్టింది. కాపలావాడు కాగితం చూసి సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు. ఇంకా పాతిక చుట్టి స్టోరుకి కూడా ఇవ్వమన్నారు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఏప్రిల్ ఒకటికే కాంప్లెక్సులో నీళ్ళు మొదలయ్యాయి.

ఆ నెలాఖరునే శేషావతారం గారి పదవీ విరమణ సభ. హాలు నిండిపోయింది. నూకాలుని నీళ్ళు అందించడానికి పిలిచారు. పొగడ్తలయ్యాయి. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన ప్రియతమ డైరెక్టరు గారిని శాలువాతో సత్కరించవలసిందిగా ముఖ్య అతిథి గారిని కోరుతున్నాను," అన్నాడు.

స్టోరు నుంచి పళ్ళెం వచ్చింది. నామావళి ప్రకారమే వచ్చింది. గుండ్రంగా, బిగువుగా, కొత్త వరిగడ్డి వాసనతో ఒకటి.

ముఖ్య అతిథి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మెడలో వెయ్యబోతే తల దూరలేదు. చేతికి తొడిగితే భుజం దాకా పోయి వేలాడింది. శేషావతారం గారే ముందుకు వచ్చారు. జీవితమంతా నామావళికి తలవంచిన మనిషి, ఈసారి కూడా తల వంచారు. ముఖ్య అతిథి దాన్ని నడినెత్తిన పెట్టారు. చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు. డైరెక్టరు గారు అది పడిపోకుండా మెడ నిటారుగా పెట్టి, కన్నీళ్ళతో, చేతులు జోడించి వేదిక దిగారు.

గుమ్మం దగ్గర నీళ్ళ గ్లాసులతో నిలబడ్డ నూకాలు ఆయన్ని ఎగాదిగా చూసి, గబగబా అడ్డం వచ్చింది.

"ఉత్త కుదురు నెత్తినెట్టుకోని ఎక్కడికెల్తన్నారు బాబూ? కుండ మర్సిపోనారు."